తోకలారీ అన్నయ్యగారు

తోకలారీ ఆయన పోయారని మొన్న పాలకొల్లులో బస్సు కోసం నిలబడి ఉంటే తెలిసింది. చెప్పినావిడ ఆయన వీధిలోనే ఉంటుంది. మందుల సంచీ ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంటూ, "మీకు తెలియదాండీ? పోయి పక్షం దాటిపోయింది. మధ్యాహ్నం భోంచేసి పడుకున్నారు, మరి లేవలేదు. అదృష్టవంతుడండీ, సుఖంగా పోయారు" అంది. నాకు ఒళ్ళు మండింది. ఆయన ఎలా పోయారో ఆవిడకి తెలిస్తే తెలిసి ఉండొచ్చు. పోయేముందు అన్నేళ్ళు ఎలా ఉన్నారో నాకు తెలుసు. సుఖం అనే మాట ఆ మనిషికి తగిలించినందుకు ఆవిడతో అక్కడే దెబ్బలాడదును గానీ ఈలోగా ఆవిడ బస్సు వచ్చేసింది.

మాకు అప్పట్లో భీమవరం శివార్లో రేకుల గదులు తయారుచేసే షెడ్డు ఉండేది. ఎక్కడ చూసినా వరిచేలు పోయి రొయ్యల చెరువులు వస్తున్న రోజులు. చెరువన్నాక కాపలా మనిషి ఉండాలి, ఆ మనిషి తలదాచుకోవడానికి గట్టు మీద ఒక గది ఉండాలి. లీజు చెరువు గట్టు మీద ఇటుకలతో ఇల్లెవరు కడతారు? అందుకని ఇనప చట్రానికి రేకులు బిగించి, కింద చెక్కలు పరిచి, ఒక తలుపూ ఒక కిటికీ పెట్టి ఇచ్చేవాళ్ళం. లీజు అయిపోతే గది గదిగానే లేచి ఇంకో గట్టుకి పోయేది. మా ఆయన వెల్డింగు పని చూసుకునేవారు. ఆర్డర్లూ, ఫోన్లూ, తగువులూ నావి. నా నోరు మంచిది కాదని భీమవరంలో చాలామందికి తెలుసు.

ఆ గదుల్ని ఎత్తి, మోసి, దించే మనిషి ఈయన. ఆయన లారీ వెనకాల మూడు చక్రాల బండి ఒకటి వేలాడుతూ ఉండేది. ఫోర్క్‌లిఫ్ట్ అంటారు దాన్ని. విశాఖపట్నం రేవులో పాతసామాను వేలంలో కొన్నారట. ముందుకి చాచిన రెండు ఇనప కొమ్ములు, పక్కన ఒక సీటు, లావాటి టైర్లు, అంతే. చెరువు దగ్గరికి రాగానే అది లారీ నుంచి దిగేది. మేత బస్తాలో, నీళ్ళు చిలికే ఏరేటర్లో, మా గదో, ఏదుంటే అది కొమ్ముల మీద ఎత్తుకుని గట్టెంట పోయేది. పని అయ్యాక తిరిగొచ్చి, లారీ వెనకున్న రెండు కన్నాల్లో తన కొమ్ముల్ని దూర్చి, తనని తానే నేల మీంచి పైకెత్తుకుని లారీకి తగులుకునేది. అది చూడ్డానికి దారినపోయేవాళ్ళు సైకిళ్ళు ఆపేసేవాళ్ళు. లారీకి తోక ఉందని దాన్ని తోకలారీ అన్నారు, ఈయన్ని తోకలారీ ఆయన అన్నారు. నేను అన్నయ్యగారూ అనేదాన్ని, ఆయన నన్ను చెల్లెమ్మగారూ అనేవారు.

పనంతా బురదలో, బట్టలు మాత్రం ఇస్త్రీవి. తెల్లచొక్కా, మడత నలగకుండా మోచేతిదాకా మడిచిన చేతులు. బండెక్కేముందు చెప్పులు విప్పి కింద వరసగా పెట్టేవారు. "గుడికెళ్తున్నారా ఏంటండీ?" అని నేను ఏడిపించేదాన్ని. "పాదానికి తెలియాలండీ చెల్లెమ్మగారూ, కింద ఏమవుతోందో" అనేవారు. ఏ గదినైనా ఎత్తేముందు తలుపు తట్టి, "లోపలెవరైనా ఉన్నారాండీ?" అని అడిగేవారు. మా షెడ్డులో అప్పుడే రంగేసిన గది, తలుపు తెరిచే ఉంది, లోపల ఈగ కూడా లేదని కళ్ళకి కనపడుతూనే ఉంది, అయినా తట్టేవారు. తట్టి కాసేపు ఆగేవారు. మా వెల్డర్లు నవ్వితే ఆయనా నవ్వేవారు తప్ప తట్టడం మానలేదు.

ఇంకోటి, నడక. నడక అనే అంటున్నాను, ఎందుకంటే ఆ బండి నడిచేదే గానీ పరిగెత్తింది నేనెప్పుడూ చూడలేదు. గదిలో కాపురం ఉంటున్నవాళ్ళని సామాను బయట పెట్టనిచ్చేవారు కాదు. "ఎందుకండీ శ్రమ? ఎక్కడివి అక్కడే ఉండనివ్వండి" అనేవారు. అదొక గర్వం ఆయనకి. గూట్లో గ్లాసులు గూట్లోనే ఉండాలి, పటాలు గోడకే ఉండాలి, ఆయన దించాక ఇంటావిడ లోపలికెళ్ళి చూసుకుంటే ఏదీ కదిలి ఉండకూడదు. ఆ మాట ఆవిడ నోట వినేదాకా అక్కణ్ణించి కదిలేవారు కాదు. విన్నాక ఆ ఇంట్లో గ్లాసుడు మంచినీళ్ళు అడిగి తాగేవారు. "ఈ గట్టు మీద ఈ ఇంట్లో మొదటి నీళ్ళు నాకేనండోయ్" అనేవారు. రోడ్డు మీద వేరే లారీలవాళ్ళు సామాన్లు గిరాటేసి దించుతుంటే చూడలేక తల తిప్పేసుకునేవారు. "సామాను ఎవరిదైతే ఏంటండీ, చెయ్యి మనది కదా" అని గొణుక్కునేవారు. ఆ నెమ్మది చూసి నాకు విసుగొచ్చేది. "ఏంటన్నయ్యగారూ, పెళ్ళికూతుర్నేమన్నా దిగబెడుతున్నారా? చీకటిపడేలోగా చేరుస్తారా?" అని వెనకనుంచి కేకలేసేదాన్ని. ఆయన వినపడనట్టు పోయేవారు.

ఆ రోజుల్లోనే ఒక చెరువు రైతు నుంచి ఫోనొచ్చింది. ఆయన చెరువుకి తెల్లమచ్చ తెగులు తగిలి పంట పోయింది. ఇంకోచోట కొత్త చెరువు తీసుకుని అందులో రొయ్యపిల్ల వదిలేశారు. పాత గట్టు మీద గదిని కొత్త గట్టుకి మార్చాలి, తోకలారీ వెళ్ళి నిలబడింది కూడా, కాపలా అబ్బాయి పెళ్ళాం మాత్రం గది కదపడానికి వీల్లేదని గడపలో కూర్చుందట. "మీరొక ఆడమనిషి వచ్చి చెప్పండమ్మా, మా మాట వినట్లేదు" అన్నారు. నేను వెళ్ళాను. పాత చెరువు తార్రోడ్డు పక్కనే. ఆ పిల్ల నిజంగానే గడపలో కూర్చునుంది, కాళ్ళు బారజాపుకుని, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని. మొగుడు పక్కన తలొంచుకుని నిలబడ్డాడు.

"ఏడో నెలండి" అంది నన్ను చూసి. "ఐదో నెల దాటాక ఇల్లు మారకూడదని మా అమ్మ అనేదండి. నా ముందు ఇద్దరు బిడ్డలు ఆమెకి అలాగే కడుపులోనే పోయారంటండి."

"పోనీ పురుడయ్యేదాకా పుట్టింట్లో ఉండరాదామ్మా?"

"అమ్మ పోయిందండి. నాన్న అంతకుముందే పోయాడు. పుట్టిల్లయినా అత్తిల్లయినా నాకిదేనండి."

నేను రైతు వైపు తిరిగి, రెండు నెలలు ఓర్చుకోలేరా అని అడిగాను. "రొయ్య ఓర్చుకుంటదాండీ?" అన్నారాయన. "అక్కడ చెరువు ఖాళీ చేసేస్తారు దొంగలు. వీళ్ళు రానంటే ఇంకోళ్ళని పెట్టుకుంటాను. నేనేం బలవంతపెట్టట్లేదండీ. గది మాత్రం నాకు కావాలి." ఆయనేం చెడ్డమనిషి కాదు, అప్పటికే ఒక పంట నీళ్ళపాలై ఉన్నారు. అయినా నేను ఊరుకోలేదు, నోటికొచ్చిందల్లా అన్నాను. నేను అంటున్నకొద్దీ ఆయన మొండికేశారు. ఆ పిల్లకి పని పోవడం, గూడు పోవడం రెండూ ఖాయమైపోయేలా ఉన్నాయి.

అప్పుడు అన్నయ్యగారు బండి మీంచి దిగొచ్చి, ఆ పిల్లకి ఎదురుగా గొంతుకూర్చున్నారు.

"అమ్మా, దోషం ఎప్పుడు? ఇల్లు మారితే కదా. మీరు ఇల్లు మారట్లేదు. మీ ఇల్లు మీతోనే వస్తోంది. గడప ఇదే, తలుపు ఇదే, పొయ్యి పెట్టుకున్న మూల అదే. దేవుడి పటం మేకు కూడా ఊడదీయక్కర్లేదు. కింద నేలొక్కటేనమ్మా మారేది. నేల మనకెప్పుడన్నా సొంతమా చెప్పండి?"

ఆ పిల్ల గడపని చేత్తో తడిమింది. "అంతేనంటారా బాబాయిగారూ?"

"అంతేనమ్మా. ఏ కుదుపూ లేకుండా దించుతాను. నాది పూచీ."

ఆ మాటతో లేచింది. నిజం చెప్పొద్దూ, ఆయన తెలివికి నాకు ముచ్చటేసింది. నా అరుపులతో కానిది ఆయన నాలుగు మాటలతో అయింది. ఆయన తలుపు తట్టారు, "లోపలెవరైనా ఉన్నారాండీ?" అన్నారు, ఆ పిల్ల ఫక్కున నవ్వింది. గది లారీ ఎక్కింది. కొత్త చెరువు మురుగుకాలవ డ్రెయిన్ అవతల, చెరువుల మధ్యన లోపలికెక్కడో ఉంది. తార్రోడ్డు దగ్గర లారీ ఆగిపోతే అక్కణ్ణించి బండి కొమ్ముల మీద గదిని పెట్టుకుని గట్టు వెంట పోయారు. ఎంతకీ తరగని గట్టది. మధ్యలో ఒక తూము, దాని మీద పాత చెక్కలు. ఆయన తూము దగ్గర దిగి, చెక్కల్ని కాలితో నొక్కి చూసి, మళ్ళీ ఎక్కారు. గది దించాక ఆ పిల్ల లోపలికెళ్ళి చూసి, "అన్నీ ఉన్నచోటే ఉన్నాయండీ" అంది. ఆయన మంచినీళ్ళు తాగారు. రైతు కూడా సంతోషించారు. అందరం దోషం గురించే మాట్లాడుకున్నాం, దోషం తీరిపోయిందనుకున్నాం. పురుడు పోసుకోవలసిన మనిషిని రోడ్డుకి అంత దూరంలో దించి వస్తున్నామని మాలో ఏ ఒక్కరికీ తోచలేదు. ఆయనకీ తోచలేదు.

వాయుగుండం పట్టి ముసురేసిన రోజుల్లో ఆ పిల్లకి నెలలు నిండాయి. ఒకనాడు పొద్దున్నే ఆయన మా షెడ్డులో గది ఎత్తుతుంటే రైతు సెల్లు నుంచి ఫోనొచ్చింది. నొప్పులు మొదలయ్యాయి, ఆటో రోడ్డు దగ్గరే నిలిచిపోయింది, గట్టంతా జారుడు, మోటారుసైకిలు పడిపోయింది. మంచం మీద మోద్దామంటే మొగుడూ, పక్క చెరువు కాపలా ముసలాయనా తప్ప ఇంకో మనిషి లేడు. అన్నయ్యగారు ఎత్తుతున్న గదిని దించేసి, "చెల్లెమ్మగారూ, మీరు రండి, ఆడమనిషి కావాలి" అన్నారు. నేను చేతిలో ఉన్న గొడుగుతోనే లారీ ఎక్కాను. ఆ రోజు లారీని మాత్రం ఆయన వేగంగానే తోలారు.

ఆ బురదలో వెళ్ళగలిగింది ఆ మూడు చక్రాల బండి ఒక్కటే. గది దాకా వెళ్ళి, కొమ్ముల మీద నులకమంచం పెట్టి తాళ్ళతో బిగించి, దాని మీద ఆ పిల్లని పడుకోబెట్టాం. మొగుడు ఒకవైపు, నేను ఒకవైపు మంచంకోడు పట్టుకున్నాం. ఆయన చెప్పులు విప్పేసి ఎక్కారు. బండి కదిలింది. నా గొడుగు ఆ పిల్ల ముఖానికి చాలింది, ఒంటికి చాల్లేదు. అటూ ఇటూ చెరువుల్లో నీళ్ళు గట్టు అంచుదాకా ఉన్నాయి. ఆయన ఇళ్ళని ఎలా తీసుకెళ్ళేవారో ఆ పిల్లని అలాగే తీసుకెళ్ళారు. ఇంకా నెమ్మదిగా తీసుకెళ్ళారు. గుంట కనపడితే ఆపి, పక్కకి తిప్పి, మళ్ళీ కదిపారు.

"కాస్త తొందరగా అన్నయ్యగారూ" అన్నాను.

"కుదుపు తగలకూడదండీ చెల్లెమ్మగారూ. కుదుపు తగిలితే ప్రమాదం" అన్నారు. ఆయన చొక్కా తడిసి ఒంటికంటుకుపోయింది. ముఖం చూస్తే ఊపిరి కూడా బిగబట్టి తోలుతున్నట్టుంది. ఇంకేమంటాను? అంత జాగ్రత్త పడుతున్న మనిషిని తొందరపెట్టడానికి నాకు నోరు రాలేదు. తూము దగ్గర బండి ఆపేశారు. కిందికి దిగి చెక్కలు నొక్కి చూశారు. ఒక చెక్క కదులుతోందని దాన్ని సర్దారు, కింద మట్టి కూరారు, ఎక్కి తొక్కి చూశారు, మళ్ళీ వచ్చి కూర్చున్నారు. ఆ చెక్క విరిగుంటే అందరం కాలవలో ఉండేవాళ్ళం. అదీ నిజమే.

తార్రోడ్డు మీద ఆటోలోకి ఎక్కించి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. మగబిడ్డ. ఊపిరి లేదు. తల్లి దక్కింది. మొగుడు గుడ్డలో చుట్టిన బిడ్డని పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. అన్నయ్యగారు ఆవరణలో వానలోనే నిలబడి ఉంటే, నేనే వెళ్ళి చెప్పాను. "కుదుపు తగల్లేదు కదండీ?" అన్నారు. లేదన్నాను.

తర్వాత ఆయన పనిలోకి రావడం మానలేదు. తలుపు తట్టేవారు, గదులెత్తేవారు. కాకపోతే ఎవరింట్లోనూ మంచినీళ్ళు అడగడం మానేశారు. మధ్యలో బండి ఆపేసి నా దగ్గరికొచ్చి, "నేలొక్కటే మారుద్దని చెప్పాను చూశారా, పూచీ అన్నాను" అనేవారు. "ఆ దోషాలవీ ఒట్టిమాటలండీ, వదిలేయండి" అని నేను కసిరేదాన్ని. "దోషం సంగతి కాదండీ. రోడ్డు పక్కనున్న ఇంటిని పట్టుకెళ్ళి అక్కడ పెట్టాను. ఆ గట్టు ఎలాంటిదో మీ అందరికంటే నాకే బాగా తెలుసు" అనేవారు. అప్పుడాయనే జవాబు వెతుక్కునేవారు. "ఏమైనా కుదుపు మాత్రం తగలనివ్వలేదండీ. అది నావల్ల జరగలేదు" అనేవారు. ఆ ఒక్క మాట పట్టుకునే ఆ మనిషి నిలబడున్నారని మా ఆయనకీ నాకూ తెలుసు. మేమూ అదే మాట ఆయనకి పదే పదే చెప్పేవాళ్ళం. "మీరు కాబట్టి అంత జాగ్రత్తగా తెచ్చారు, ఇంకొకరైతే తల్లి కూడా దక్కేది కాదు" అనేవాళ్ళం. వింటున్నంతసేపూ ఆయన ముఖం కాస్త తేటపడేది.

ముసురు వెళ్ళిపోయి ఎండలు కాస్తున్నప్పుడు, ఆ పిల్లా మొగుడూ మా షెడ్డుకి వచ్చారు. ఆ పని మానేసి నరసాపురం వైపు వెళ్ళిపోతున్నారట, వెళ్ళేముందు బాబాయిగార్ని చూసి వెళ్దామని వచ్చారు. ఆయన అక్కడే ఉన్నారు. ఆ పిల్లని చూడగానే బండి దిగి, చెప్పులేసుకోవడం మర్చిపోయి ఎదురెళ్ళారు. చిక్కిపోయింది. చంకలో ఒక బట్టల మూట తప్ప ఇంకేం లేదు. ఆమె ఏమంటుందోనని నాకు భయమేసింది. తిడితే బాగుండునని కూడా అనిపించింది.

"ఒంట్లో బాగుందామ్మా?" అన్నారాయన.

"బాగుందండి."

ఆయన అడక్కుండా ఉండలేక అడిగేశారు. "ఆ రోజు మంచం మీద... కుదుపు ఏమన్నా తగిలిందామ్మా?"

"లేదండీ బాబాయిగారూ. ఒక్క కుదుపు తగల్లేదు. ఆ మాట చెబుదామనే వచ్చానండి" అంది. ఆమె ముఖంలో నాకు ఎక్కడా కోపం కనపడలేదు. చిన్నపిల్లకి నచ్చజెప్తున్నట్టు నెమ్మదిగా చెప్పింది. "మీరు కష్టపెట్టుకుంటున్నారని విన్నానండి. మీ తప్పేం లేదండి. అంత నొప్పిలోనూ నాకు తెలుస్తానే ఉంది, ఎంత జాగ్రత్తగా తీసుకెళ్తున్నారో. బాబు కూడా లోపల కదులుతానే ఉన్నాడండి. తూము దగ్గర మీరు ఆపి చెక్కలు సర్దారు చూశారా, అప్పుడు కూడా గట్టిగా కదిలాడు. రోడ్డు కనపడ్డాకే ఆగిపోయాడండి."

ఆయన తల తిప్పి నా వైపు చూశారు. ఆ చూపుకి నేను కళ్ళు దించేసుకున్నాను. తను ఏం చెప్పిందో ఆ పిల్లకి తెలియదు. మూట కింద పెట్టి, వంగి ఆయన బురదకాళ్ళకి దణ్ణం పెట్టింది.